ఎవరూ తన్నని ఆట

షికాగోలో మా కంపెనీ మా నాన్న కాలంలో జూదం మిషన్లు చేసేది. పోలీసులు వాటిని సుత్తులతో పగలగొట్టడం మొదలెట్టాక బంతి కిందికి జారిపోకుండా మీటలతో కొట్టే పిన్‌బాల్ ఆటలకి మళ్లింది. జూదం పోయింది గానీ లోపలి తీగలు మాత్రం అవే. వాటిని అతికేది వరసగా స్టూళ్ల మీద కూర్చునే మా ఆడవాళ్లే.

కొత్త ఆట బయటికి పోవాలంటే ముందు మా క్యాంటీన్ గండం దాటాలి. రంగులేని ఉత్త చెక్క మీద ఆటని బిగించి భోజనాలవేళ మా మధ్య పెడతారు. యజమాని గాంట్జ్ కాఫీ పట్టుకుని మూల నిలబడి చూస్తాడు. తిండి మానేసి మేం ఎగబడ్డామా, ఆట తయారీకి వెళ్తుంది. లేదంటే ఆ చెక్క పొయ్యిలోకే.

ఎమిల్ హ్రాబక్ మాకు ఆటలు గీసిచ్చేవాడు. భార్య పోయాక అతను గీసిన ఆటలేవీ నడవలేదు. "ఇదీ పోతే నీ బల్ల ఖాళీ చెయ్యి" అన్నాడు గాంట్జ్, అందరి ముందే. నాకు ఒళ్లు మండింది. మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు చిన్న ఆటబల్ల ఒకటి మోసుకొచ్చి ఆమెని నవ్వించిన మనిషి ఎమిల్.

అతని కొత్త ఆట చూశాను. బంతిని ఎటు కొట్టినా ఒకటే దారి. వట్టి చప్పిడి కూడు.

"ఒర్లీన్, మనం వరస కట్టాలే" అన్నాను నా పక్క స్టూలు మనిషితో.

"దానికా? నా శాండ్‌విచ్ చల్లారిపోవాలా?"

"చల్లారితే ఏం చావవులే. లే."

వారమంతా వరస కట్టాం. అందరికన్నా ముందు నేనే. గాంట్జ్ సంబరపడి తయారీకి సరేనన్నాడు.

ఆ సాయంత్రం ఎమిల్ నా దగ్గరికొచ్చాడు. "స్టాషా, నా ఆటని ఒక్కరైనా తన్నారా?"

"ఎందుకు తన్నాలయ్యా?"

"ఆట నచ్చిందంటే, బంతి జారగానే మిషన్ని తన్ని, దాన్ని చేసినవాడి తాతని కూడా తిట్టే మనిషివి నువ్వు. ఈ వారం 'పోన్లే' అని పక్కకి జరిగావు."

"వయసొచ్చింది. మర్యాద నేర్చుకున్నా."

"ఒర్లీన్ కూడానా?"

"నోరు మూసుకుని ఊరుకో ఎమిల్. గాంట్జ్ నమ్మాడుగా."

"బార్లలో నామీద జాలిపడేవాళ్లు ఎవరుంటారు? మిషన్లు అమ్ముడుపోకపోతే ముందు ఊడేది మీ ఉద్యోగాలే."

మర్నాడు తనే వెళ్లి ఆట ఆపించేశాడు. దాంతో అతని బల్లా, ఉద్యోగమూ పోయాయి. వెర్రిబాగులవాడా అని ముఖానే తిట్టాను. తిట్టి, బాత్‌రూంలోకి పోయి ఏడ్చాను.

గాంట్జ్‌ని ఎలా బతిమాలుకున్నాడో, సోమవారం మా వరసలోనే పనికి కుదిరాడు. ఒర్లీన్ ఏమనుకుందో ఏమో, తన స్టూలు అతనికిచ్చి అవతలికి జరిగింది. ఎర్ర తీగ పెట్టాల్సిన చోట పసుపుది పెట్టాడు. నేను పీకి మళ్లీ అతికాను.

"స్టాషా, ఒకటి అడుగుతా. కోప్పడకు."

"అడుగు."

"అందరూ జాలితో నిలబడ్డారు. సరే. అందరికన్నా ముందు నిలబడ్డావే, నీదీ జాలేనా?"

చేతిలో తీగ బల్ల మీద పెట్టాను. ఇన్నేళ్లూ ఆ మాట నన్నెవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

"కాదు" అన్నాను.