నలభై రెండో ప్రోగ్రాము

మా మేనకోడలు ఫోను చేసేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. పలకరింపు లేదు, కుశలప్రశ్న లేదు.

"మావయ్యా, రెండింటికల్లా కంట్రోల్ రూముకి వచ్చెయ్. పులిని ముట్టుకోవడానికి పర్మిషన్ ఇచ్చారు. నలభై నిమిషాలే!"

చొక్కా గుండీలు పెట్టుకుంటూనే మెట్లు దిగాను. ఆ పులిని కన్నవాణ్ణి నేనే.

నగరంలోని అంబులెన్సులన్నిటినీ నడిపించే ఆ కార్యాలయంలో నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక డేటా డిక్షనరీని కట్టాను. ఏ సమాచారానికి ఎంత చోటు కేటాయించాలో ఒకే చోట రాసిపెట్టే పట్టిక అది. సహాయం కోరి వచ్చే ప్రతి పిలుపుకూ ఒక రికార్డు ఉంటుంది: పేరుకు ముప్ఫై అక్షరాలు, వీధికి నలభై, అంతస్తుకు ఒక అంకె, దాని వెంటనే ఫోను నంబరు. ప్రోగ్రాములన్నీ ఈ కొలతలను డిక్షనరీ నుంచే తెచ్చుకుంటాయి. అంతస్తుకు ఒక్క అంకె చాలునన్న నిర్ణయం నాదే. ముప్ఫయ్యొక్క సంవత్సరాల కిందట మా నగరంలో అన్నిటికన్నా ఎత్తయిన భవనానికి ఏడంతస్తులు.

ఇప్పుడు ఇరవై రెండు అంతస్తులవి కూడా ఉన్నాయి. పద్నాలుగు అని కొడితే ముందరి అంకె రాలిపోయి నాలుగు మిగులుతుంది. దానికి ఆపరేటర్లు ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. రోగి పేరు చివర ఒక చుక్క ఉంటే పది కలుపుకోవాలి, రెండు చుక్కలుంటే ఇరవై. కిందటి వారం దాకా అది నడిచింది. ఎవరో సెలవు పెడితే బదులుగా వచ్చిన ఆపరేటరుకు చుక్క సంగతి చెప్పడం అందరూ మరిచారు. అంబులెన్సు సిబ్బంది స్ట్రెచరు మోసుకుంటూ వెళ్లి నాలుగో అంతస్తులో, నిక్షేపంగా భోంచేస్తున్న దంపతుల తలుపు తట్టారు. పద్నాలుగో అంతస్తులో ఒక దర్జీ పక్షవాతం వచ్చి నేలమీద పడి ఉన్నాడు. తొమ్మిది నిమిషాలు వృథా అయ్యాయి. మనిషి దక్కాడు, కత్తెర పట్టే చేయి దక్కలేదు. డిక్షనరీ బాధ్యత ఇప్పుడు మా మేనకోడలిది. ఆ దర్జీని ఆసుపత్రిలో చూసివచ్చిన నాటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

అంకె ఒకటి పెంచడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందని అడగవచ్చు. లోగడ రెండుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లూ ఆపరేటర్ల గదిలో పిలుపులన్నిటినీ చూపే గోడబోర్డు పిచ్చెక్కినట్టు తప్పుడు వివరాలు చూపించింది. హడలిపోయి డిక్షనరీలో పాత కొలతల నిర్వచనాన్నే తిరిగి పెట్టేశారు. ఆనాటినుంచి ఆ రికార్డుకు 'పులి' అని పేరు. దాన్ని కదిలిస్తే కీడు మూడుతుందని ఇంజనీరింగు చదివినవాళ్లే నమ్ముతున్నారు. రెండుసార్లు జరిగినంత మాత్రాన ఏదీ నియమం కాదు. కానీ కారణం వెతకడం మానుకున్నవాళ్లకు రెండుసార్లు బోలెడు.

నేను చేరేసరికి మేనేజరు గుమ్మం దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడ్డారు.

"నమస్కారమండీ. ముందే చెబుతున్నా, రెండూ నలభైకి గది మళ్లీ మామూలుగా నడవాలి. ఈసారీ బెడిసికొట్టిందా, ఇక ఆ రికార్డు జోలికి ఎవరూ పోకూడదని ఆర్డరు వేయించేస్తా. చచ్చినట్టు చుక్కలతోనే కాపురం."

"అంతేగా సార్, రాసుకోండి," అంది మా మేనకోడలు, తల తిప్పకుండానే.

ఆపరేటర్లు కాగితాలూ కలాలూ సర్దుకున్నారు. ఆ నలభై నిమిషాలూ పిలుపులన్నీ చేతిరాతతోనే. అందరిలోకీ పెద్దావిడను రేడియో అక్క అంటారు. ఆమె గొంతుకు మైకు అనవసరం.

"ఏమండీ, పులి తండ్రిగారూ! జోలపాట పాడటానికొచ్చారా?"

"కాదమ్మా, గోళ్లు తీయడానికి."

సరిగ్గా రెండింటికి మా పిల్ల కీబోర్డు ముందుకు లాక్కుంది. మార్చమనే మాడిఫై కమాండు, రికార్డు పేరు, అంతస్తు రాసే ఫీల్డు, వెడల్పు రెండు. నలభయ్యొక్క ప్రోగ్రాములు ఈ నిర్వచనం మీద ఆధారపడి ఉన్నాయి, ఖాయమేనా అని డిక్షనరీ అడిగింది. మా పిల్ల అవునని కొట్టింది. నలభయ్యొకటినీ కొత్త కొలతతో మళ్లీ తయారుచేసింది. పాత రికార్డులు లక్షా ఎనభై వేలు. ఒక్కొక్కటీ ఒక అంకె మేర సాగింది. రెండూ పంతొమ్మిదికి అంతా అయింది. పద్నాలుగో అంతస్తు అంటూ ఒక ఉత్తుత్తి పిలుపు నమోదు చేసింది. ఆపరేటరు స్క్రీను మీద పద్నాలుగు నిండుగా వెలిగింది!

"వచ్చింది మావయ్యా, వచ్చేసింది!" అంటూ కుర్చీలోంచి లేచింది.

"సంబరం తర్వాతే తల్లీ. బోర్డు చూడు!" అంది రేడియో అక్క.

గోడబోర్డు మీద అంతస్తు ఒకటి. ఫోను నంబరు ఎన్నడూ లేనట్టు నాలుగుతో మొదలైంది.

"అదిగో! పులి లేచింది! తీసెయ్యమ్మా, వెనక్కి తిప్పెయ్!" మేనేజరు గొంతు కీచుమంది.

పాత స్థితికి తేవడానికి పన్నెండు నిమిషాలు కావాలి. అంటే రెండూ ఇరవై ఎనిమిది దాటితే వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. అప్పటికి సమయం రెండూ ఇరవై ఒకటి.

"బోర్డుకు పిచ్చెక్కలేదండీ," అన్నాను. "పద్నాలుగులో ఒకటిని అంతస్తనుకుంది, నాలుగును ఫోను నంబరులోకి నెట్టింది. ఇంకా పాత కొలతతోనే చదువుతోంది. ఇంత క్రమంగా తప్పు చేసేదానికి కారణం ఉండి తీరాలి."

"కానీ అన్నిటినీ తిరిగి తయారుచేశాను కదా!" అంది మా పిల్ల. ఆ రికార్డును వాడే ప్రోగ్రాముల జాబితా ఇమ్మని డిక్షనరీకి కమాండు ఇచ్చింది. వేలు పెట్టి కిందిదాకా చదివింది. "మావయ్యా! బోర్డు ప్రోగ్రాము ఇందులో లేనే లేదు!"

తనను అడిగి కొలత తీసుకువెళ్లినవాళ్లనే డిక్షనరీ గుర్తుపెట్టుకుంటుంది. అడగనివాళ్లు దాని లెక్కలో ఉండరు.

"అయితే ఎవడో డిక్షనరీని అడక్కుండా, కొలతల్ని చూసి చేత్తో ఎక్కించాడు. అంత బుద్ధిలేని పని చేసినవాణ్ణి..." అని మొదలుపెట్టాను.

ఆమె అప్పటికే ఆ ప్రోగ్రాము తెరిచింది. పంతొమ్మిది వరుసల్లో రికార్డు నిర్వచనమంతా చేత్తో కొట్టి ఉంది. పైన ఒక వ్యాఖ్య, తేదీ, పొడి అక్షరాలు. ఆమె గట్టిగా చదివింది.

"'తాత్కాలికం. వచ్చే వారం డిక్షనరీకి కలపాలి.' మావయ్యా, ఈ సంతకం..."

నాదే. ప్రారంభోత్సవం ముందు రోజు బోర్డు నడవక, తొందరలో నేను కొట్టిన వరుసలవి. ఆ తరువాత చేత్తో కొట్టవద్దని ఇరవై ఏళ్లు అందరికీ పాఠాలు చెప్పాను. చెవులు వేడెక్కాయి.

"వాణ్ణి ఏం చేయాలంటారో చెప్పండి సార్," అంది రేడియో అక్క, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఇరవై ఏడు అయింది!" మేనేజరు అరిచారు. "ఏం చేస్తున్నారు మీరు? తిప్పుతున్నారా, లేదా?"

మా మేనకోడలు నా వైపు చూసింది. "తప్పు ఇక్కడే, ఖాయం," అన్నాను. "నిర్ణయం నీది."

ఆమె పంతొమ్మిది వరుసలూ ఒక్క దెబ్బకు తుడిచేసింది. వాటి స్థానంలో, నిర్వచనాన్ని డిక్షనరీ నుంచి తెమ్మనే ఒక్క వరుస రాసింది. గడియారం ఇరవై ఎనిమిది దాటింది. మేనేజరు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు.

ప్రోగ్రాము మొదటిసారి తయారు కాలేదు. అప్పట్లో నేను ఒక ఫీల్డుకు నాకు తోచిన పేరు పెట్టుకున్నాను. డిక్షనరీలో దాని పేరు వేరు. "ఇదీ నువ్వేనా?" అంది. "ఇదీ నేనే." దిద్దింది. ముప్ఫై మూడుకు తయారైంది. ముప్ఫై నాలుగుకు బోర్డు నల్లబడి మళ్లీ వెలిగింది. అంతస్తు పద్నాలుగు, ఫోను నంబరు ఉన్నదున్నట్టు.

గదిలో ఒక్కసారిగా ఈలలు. ఎవరో బల్ల చరిచారు. ఆ గోలలోనే అసలైన పిలుపు మోగింది. రేడియో అక్క చేత్తో అందరి నోళ్లూ మూయించింది. ఊపిరాడని నిండు గర్భిణి, పదిహేడో అంతస్తు. బోర్డు మీద పదిహేడు. ఎనిమిది నిమిషాల తరువాత రేడియోలో అంబులెన్సు డ్రైవరు మాట వినిపించింది: "తలుపు తీశారక్కా, మనిషికి మాస్కు పెట్టాం."

మేనేజరు ముఖం తుడుచుకున్నారు. మా పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. జాబితా మళ్లీ అడిగింది. నలభై రెండు వచ్చాయి. అయినా కుర్చీ దిగలేదు.

"బోర్డు ఒక్కటే తప్పించుకుందని ఏమిటి నమ్మకం? చేత్తో కొట్టినవి ఇంకా ఉంటే?"

"నమ్మకం ఏమీ లేదు," అన్నాను, కుర్చీ ఆమె పక్కకు లాక్కుంటూ. "వెతుకు."

మూడు వందల పైచిలుకు ప్రోగ్రాముల్లో వెతకమని కమాండు ఇచ్చింది. కాసేపటికి ఆసుపత్రి పడకల ప్రోగ్రాములో చేత్తో కొట్టినది ఇంకొకటి దొరికింది. కింద ఉన్న పొడి అక్షరాలు నావి కావు. నేను సంతోషించిన తీరు నా వయసుకు తగినది కాదు.