జాబితాలో తొమ్మిదో వస్తువు

పోలీసు స్టేషన్ ఎదురుగా ఫొటో స్టూడియో నడిపే ఆయన్ని హెడ్ కానిస్టేబుల్ ఎప్పటిలాగే పిలిపించాడు. అనుమానంతో పట్టుకున్నవీ, ఎవరూ తమవని రానివీ అయిన వస్తువులకు ఫొటోలు తీయాలి. వాటిని జాబితాతో కలిపి నోటీసు బోర్డుకు అంటిస్తారు. ఆరు నెలల్లోగా సొంతదారు రుజువులతో రాకపోతే వేలం వేస్తారు.

బల్ల మీద తొమ్మిదో వస్తువు ఆయన కెమెరాయే. రెండు నెలల కిందట స్టూడియోలోంచి పోయింది. తాళం పగల్లేదు కాబట్టి, ఇంట్లోవాళ్ల పనేమోనని భార్య ఫిర్యాదు ఇవ్వనివ్వలేదు.

"ఇదెక్కడిదండీ?" అడిగాడాయన.

"బస్టాండులో ఒకడి సంచిలో. మోచేతి మీద తేలు పచ్చబొట్టు, ఒకటే నవ్వు. దొరికిందన్నాడు. ఫిర్యాదేమీ లేదుగా, వదిలేశాం. సొంతదారొస్తే మాత్రం దొంగతనం కేసే, వాణ్ణి మళ్లీ పట్టుకొస్తాం."

ఆ తేలు ఆయన బావమరిది చేతి మీదిది.

"నంబరు కనబడేలా తీయండి మాస్టారూ."

ఆయన జేబురుమాలుతో అడుగున నంబరు మీది దుమ్ము తుడిచి, పాత కెమెరాతో తన కెమెరాకే ఫొటో తీశాడు. 'ఈ వస్తువులు ఎవరివో నాకు తెలియదు' అన్న వాక్యం కింద సాక్షి సంతకం చేశాడు.

ఇంట్లో చెబితే భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇప్పుడిప్పుడే వాడికి డ్రైవరు పని దొరికిందండీ. కేసు పడితే ఎవరు పనిలోకి రానిస్తారు?"

ఆయన స్టేషన్‌కి వెళ్లలేదు. స్టూడియో తలుపు తీస్తే ఎదురుగా స్టేషన్ నోటీసు బోర్డే. కిటికీకి పరదా వేసినా అది కళ్లముందే ఉండేది. పాత కెమెరాలో మొహాలు అలుక్కుపోతున్నాయి. "ఈ ఫొటో చూస్తే మా ఆవిడే నన్ను ఇంట్లోకి రానివ్వదు," అని ఒకాయన నవ్వుతూనే తిరిగిచ్చేశాడు. తర్వాత బేరాలు రావడమే తగ్గాయి.

గడువు ఇంకో వారం ఉందనగా భార్యే బీరువాలోంచి కెమెరా రసీదు తీసిచ్చింది. "వెళ్లి తెచ్చుకోండి. వాడి ఖర్మ వాడిది."

హెడ్ రసీదు చూశాడు. ఫైలు తిరగేశాడు.

"నంబరు మీద దుమ్ము తుడిచింది మీరే. ఫొటో తీసింది మీరే. ఎవరివో తెలియదని సంతకం పెట్టిందీ మీరే. ఇప్పుడు మీదంటే, ముందు మీ మీదే కేసు రాయాలి నేను." గొంతు తగ్గించాడు. "ఆ కాగితం జేబులో పెట్టుకోండి. నేను చూళ్లేదు."

ఆయన పెట్టుకున్నాడు. బయటికొచ్చాడు.

వేలంలో కెమెరాను పొరుగూరి ఫొటోగ్రాఫర్ ఎవరో పాడుకున్నాడు. ఆ ఆదివారం బావమరిది భోజనానికి వచ్చాడు.

"ఏం బావా, ఇంకా ఆ డొక్కు కెమెరాయేనా? కొత్తది కొనరాదూ?"

వంటింటి గుమ్మంలో భార్య ఆగిపోయింది. ఆయన పక్కకు జరిగి, అతను కూర్చోడానికి చోటిచ్చాడు.