గుండె చూసే పెట్టె

నేను ఒక ప్రోగ్రామర్ని. తొందరపడి సంబంధాలు చూడకండి. అమీర్‌పేటలో కోర్సు చేసినవాణ్ని కాదు, సూట్‌కేసంత యంత్రాన్ని. పేస్‌మేకర్ ఉన్నవాళ్ల ఛాతీ మీద నా తీగ చివరి బిళ్లను ఆనిస్తే లోపలి సంగతులు నా తెర మీదికి వస్తాయి. ఎక్కడో విదేశంలో, ముక్కుకు గుడ్డ కట్టుకున్నవాళ్లు నన్ను బిగించారు. విశాఖలో నా మొదటి యజమాని గోపీనాథ్ నా మూత మీద ఇడ్లీ పొట్లం విప్పేవాడు. పదోన్నతి రాగానే చట్నీ మరకతో సహా నన్ను హిమజకు అప్పగించాడు.

హిమజ బెంగళూరులో ఎలుకల మెదడు మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది. ప్రాజెక్టు ఆగిపోవడంతో పేస్‌మేకర్ల కంపెనీలో చేరింది. ఆసుపత్రులు తిరిగి, డాక్టర్ల పక్కన నిలబడి, ఆ పరికరాలను సరిచూడటం ఉద్యోగం. వాళ్లమ్మ చుట్టాలతో అంతకుముందు ‘మెదడు డాక్టరు’ అనేది, ఇప్పుడు ‘గుండె డాక్టరు’ అంటోంది. హిమజ రెండుసార్లూ సరిదిద్దింది. ఆవిడ వినలేదు.

“మెదడు చదివి పంపుసెట్లు చూసుకుంటున్నానే,” అని హిమజ స్నేహితురాలితో ఫోన్లో వాపోయింది. నేను కారులో పక్క సీట్లోనే ఉన్నాను. పాత ప్రొఫెసరు మళ్లీ పరిశోధనకు రమ్మంటున్నారు. వెళ్లిపోదామనే అనుకుంటోంది.

ఆ రోజుల్లోనే నూకాలమ్మ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి, పేస్‌మేకర్ మీద బతుకుతోంది.

“గంప ఎత్తితే సాలు, కళ్లు బైర్లు కమ్మేత్తన్నాయి బాబూ,” అని డాక్టర్ పట్నాయక్‌తో చెప్పింది.

ఆమెను పడుకోబెట్టి నా బిళ్లను ఆనించారు. రీడింగులన్నీ సక్రమం.

“నువ్వు ఇదివరకు ఏటి సేసీదానివమ్మా?” అని నూకాలమ్మ హిమజను అడిగింది.

“ఎలుకల్ని చూసేదాన్ని మామ్మా.”

“బతికినాయేటి?”

హిమజకు అబద్ధం రాదు. “లేదు.”

నూకాలమ్మ మంచం ఊచను గట్టిగా పట్టుకుంది.

హిమజ తెరవైపు చూసింది. “సార్, ఎలుక పడుకున్నప్పుడు తీసిన రికార్డింగు అది పరుగెత్తేటప్పటి సంగతి చెప్పేది కాదు. ఒకసారి చేతులు ఎత్తిద్దామా?”

“కూర్చోబెట్టి చేయిద్దాం. నేను పట్టుకుంటాను,” అన్నారు డాక్టర్.

నూకాలమ్మ లేని గంపను నెత్తికెత్తుకుంది. నా తెర మీద పిచ్చిగీతలు పడ్డాయి. పేస్‌మేకర్ నుంచి గుండెలోకి వెళ్లే తీగ లోపల చిట్లింది. చెయ్యి లేచినప్పుడల్లా అందులో పుట్టే రొదను పేస్‌మేకర్ గుండె చప్పుడే అనుకుని, తన అవసరం లేదని మర్యాదగా ఊరుకుంటోంది. గుండె మాత్రం కొట్టుకోవడం లేదు. నూకాలమ్మ డాక్టర్ చేతుల్లోకి వాలిపోయింది.

హిమజ నా ఎర్ర మీట నొక్కింది. ఏ చప్పుడూ వినకుండా కొడుతూనే ఉండమని పేస్‌మేకర్‌కు ఆజ్ఞ అది. గీత లేచింది. మళ్లీ లేచింది. నూకాలమ్మ కళ్లు తెరిచి, “నా గంపేదీ?” అంది. హిమజ వేలు మీట మీదే ఉండిపోయింది.

కొత్త తీగ వేశారు. గాయం మానాక నూకాలమ్మ మళ్లీ వచ్చి చేతులెత్తింది. గీతలు వరస తప్పలేదు.

“చాలు మామ్మా, దించు.”

“ఉండమ్మా, ఎన్నాళ్లయిందో ఎత్తి.”

ఆ సాయంత్రం హిమజ ప్రొఫెసరుకు ఫోన్ చేసి రానని చెప్పింది. ఆయన కారణం అడిగారు.

“ఇక్కడ నేను చూసినవాళ్లు మళ్లీ వస్తున్నారు సార్,” అంది.

తర్వాత పలకంత కొత్త మోడల్ వచ్చింది. నన్ను శిక్షణ గదిలో పెట్టారు. కొత్తవాళ్లు నా బిళ్లను ఒక రబ్బరు బొమ్మ ఛాతీకి ఆనిస్తారు. బొమ్మ ఎవరినీ ఏమీ అడగదు. దాని రీడింగులు ఎప్పుడూ బాగుంటాయి. నాకేమీ తోచడం లేదు.