సన్యాసమ్మ టీచరు వీపు మీద

నేను ఒక సంచిని. నవ్వకండి, కూరల సంచిని కాదు. కొండల్లో పరుగెత్తేవాళ్లు వీపుకు తగిలించుకునే సంచిని. గాజు బీరువాలో మెరుస్తూ పుట్టే భాగ్యం నాకు లేదు. గాజువాకలో జరీనా అనే టైలరు రెండు చిరిగిన గొడుగుల గుడ్డా, ఒక పాత స్కూలు బ్యాగు పట్టీలూ కలిపి నన్ను కుట్టింది. ఆ రోజు ఆమె కుట్టవలసింది ఎవరిదో పెళ్లి జాకెట్టు. అది పక్కన పడేసి నా పని పట్టింది. ఆ పెళ్లికూతురు ఎంత తిట్టుకుందో తెలియదు గానీ నా కుట్లు మాత్రం ఈ రోజుకీ గట్టివే. ఇప్పుడు అదే దుకాణంలో మేకుకు వేలాడుతూ ఈ కబుర్లు చెబుతున్నాను.

నన్ను మొదట మోసినవాడు నూకరాజు. ఓడరేవులో క్రేను నడుపుతాడు. రోజూ టన్నుల కొద్దీ ఇనుము ఎత్తి దించే మనిషి, నాలో లీటరు నీళ్లు పెడితే భుజం లాగేస్తోందని మూలిగేవాడు! తర్వాత కొన్నాళ్లు జరీనాయే తగిలించుకుంది. చివరికి సన్యాసమ్మ టీచరు వీపు మీదికి చేరాను. ఆవిడ ప్రభుత్వ బడిలో డ్రిల్లు టీచరు, యాభై ఆరేళ్లు. నూకరాజు ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. ఇప్పటికీ ఆవిడ ఎదురైతే చొక్కా గుండీలు సర్దుకుంటాడు. ముగ్గురూ ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డు మీద కలిసి పరుగెత్తేవాళ్లు.

అనంతగిరి కొండల్లో నలభై కిలోమీటర్ల పరుగు ఒకటుంది. కిందటేడు టీచరు దారి మధ్యలోని తనిఖీ బల్ల దగ్గరికి తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా చేరింది. ఇక చాలమ్మా అని జీపెక్కించి పంపేశారు. జీపులో ఆవిడ నన్ను ఒళ్లో పెట్టుకుని, నా అంచుతోనే కళ్లు తుడుచుకుంది. మర్నాడు మాత్రం మిత్రులిద్దరికీ గట్టిగా చెప్పేసింది. "వచ్చే ఏడు నా కాళ్ల మీద నేను వస్తాను. నా సామాను నేనే మోసుకొస్తాను. చూస్తూ ఉండండి."

ఏడాది తిరిగింది. పరుగుకు ముందు రోజు మధ్యాహ్నం జరీనా కత్తిరింపు బల్ల మీద సామాను పరిచారు. ఆ సర్దుడు చూసి తీరాలి. నూకరాజు అరకేజీ హల్వా పట్టుకొచ్చాడు.

"కొండ మీద బలముండాల కదేటి, మేడం!"

"మనం పరుగుకెళ్తున్నామా, సారె ఇవ్వడానికి వెళ్తున్నామా?" అని టీచరు కసిరింది. కసురుతూనే సగం హల్వా తనే తినేసింది.

తర్వాత మొదలైంది అసలు తతంగం. ఆవిడది ముప్పై ఏళ్ల డ్రిల్లు అలవాటు, సామానుకు కూడా హాజరు వెయ్యాల్సిందే. కాగితం చేతబట్టి నిలబడి "వాన కోటు!" అని అరిచింది. "హాజర్ మేడం" అంటూ నూకరాజు దాన్ని నాలో పెట్టాడు. "దెబ్బలకి కట్టు గుడ్డ!" "హాజర్ అక్కా" అంది జరీనా. ఈల, నీళ్ల సీసాలు, మామిడి తాండ్ర, అన్నీ వరసగా హాజరయ్యాయి.

"కోటూ, కట్టు గుడ్డా లేకపోతే తనిఖీ బల్ల దాటనివ్వరు. గుర్తుందా?" అని టీచరు కాగితం మడిచి పెట్టేసింది. ఒకసారి హాజరు వేశాక ఆవిడ మళ్లీ చూడదు. హాజరు పలికి గోడ దూకేసిన పిల్లలు ఎంతమందో పాపం ఆవిడకి ఇన్నేళ్లలో తెలియనే లేదు.

టీచరు టీ చెప్పడానికి వీధిలోకి వెళ్లింది. జరీనా అటు తిరగ్గానే నూకరాజు నా జిప్పు లాగి, వాన కోటు తీసి తన సంచిలో కుక్కేశాడు. "ఆ నొప్పి మోకాలితో ఈ బరువెందుకు మేడానికి? బల్ల దగ్గర ఇచ్చీద్దాం" అని గొణుక్కున్నాడు. వాడు చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే జరీనా వచ్చింది. కట్టు గుడ్డా, రెండో నీళ్ల సీసా ఆమె సంచిలోకి పోయాయి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇంత ప్రేమగా చేసిన దొంగతనం నేనెక్కడా చూడలేదు. ఒసే టీచరూ, మళ్లీ హాజరు వెయ్యవే అని అరవాలనిపించింది. నాకు జిప్పు ఉంది గానీ నోరు లేదే!

మర్నాడు పరుగు మొదలయ్యే గీత దగ్గర టీచరు ఇద్దరినీ పిలిచింది. "నా కోసం ఎవరైనా ఆగారంటే నా మీద ఒట్టే. పదండి ముందుకి!" ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. నిజం ఒప్పుకోవడానికి ఒకరి ముందు ఒకరికి సిగ్గు. బల్ల దగ్గర కాసుకుంటే సరిపోతుందిలే అనుకుని కదిలిపోయారు.

పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర వాన అందుకుంది. టీచరు నన్ను దించి చెయ్యి పెట్టింది. కోటు లేదు. అడుగుదాకా తడిమింది. కట్టు గుడ్డా లేదు. అలాగే ఒక బండ మీద కూలబడిపోయింది.

"హాజరేశాను కదా? వేశానా అసలు?" తనలో తనే మాట్లాడుకుంటోంది. "మతి పోతోంది నాకు. వయసైపోయింది. ఇంత మతిమరుపు మనిషికి ఈ పరుగులెందుకు?"

నీకేం పోలేదమ్మా, నీ వాళ్లే తీశారని చెప్పలేక నేను ఆవిడ ఒళ్లో తడుస్తూ ఉండిపోయాను. నా బతుకులో అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు. పది నిమిషాలు అలాగే పోయాయి. ఆఖరికి ఆవిడ చేత్తో మొహం తుడుచుకుని లేచింది. "వద్దనేదేదో ఆ బల్ల దగ్గరి వాళ్లనే అననీ. నేను మాత్రం వెనక్కి తిరగను."

బల్ల దగ్గరికి చేరేసరికి గడువు నాలుగే నిమిషాలుంది. పక్కనే టార్పాలిను కింద నూకరాజూ, జరీనా కూర్చుని ఉన్నారు. కాలు పట్టేసిందని వాడూ, బూటులో రాయి పడిందని జరీనా ఒకరికొకరు గంట నుంచీ బొంకుకుంటున్నారట! టీచరుని చూడగానే ఒకరు కోటు, ఒకరు కట్టు గుడ్డ లాగారు. ఒకరి చేతిలోది ఒకరు చూసి నోళ్లు వెళ్లబెట్టారు.

టీచరు నవ్వలేదు. "నాకు మతి పోయిందనుకున్నానురా" అంది. "ఆ బండ మీద కూర్చుని ఇంటికెళ్లిపోదామనుకున్నాను. బరువు తీశామనుకున్నారా? నా మీద నాకున్న నమ్మకం తీసేశారు మీరు."

"తప్పయిపోనాది, మేడం" నూకరాజు తల ఎత్తలేదు.

"కిందటేడు జీపు దిగిన నిన్ను చూశాక నాకు అన్నం దిగలేదక్కా" అని జరీనా ఏడ్చేసింది.

బల్ల దగ్గరి మనిషి గడియారం చూశాడు. "అమ్మా, రెండు నిమిషాలే."

టీచరు కోటూ, గుడ్డా, సీసా లాక్కుని తన చేత్తో నాలో సర్దుకుంది. జిప్పు బిగించింది. "ముందు నడవండి. ఒక్కసారి వెనక్కి చూసినా ఊరుకోను."

మిగిలిన పదహారు కిలోమీటర్లూ ఎలా గడిచాయో నన్నడగకండి. మోకాలు బూరెలా పొంగింది. దారిలో ఒకచోట కూర్చుని కట్టు కట్టుకుంది. నా పట్టీలు ఆవిడ భుజాలను కోస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఆవిడ ఒక్కసారి కూడా నన్ను దించలేదు.

గడువుకు ఇంకా ఆరు నిమిషాలు ఉండగా గీత దాటింది. అక్కడ నిలబడి ఉన్న నూకరాజు చెయ్యి అలవాటుగా నా పట్టీ దాకా వచ్చింది. వెంటనే ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసి వీపు వెనక దాచుకున్నాడు. టీచరు అది చూసింది. గ్లాసుడు మంచినీళ్లు తాగింది. జరీనా భుజం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. అప్పుడు తనే పట్టీలు విప్పి, నన్ను నూకరాజుకి అందించింది.

"ఇప్పుడు పట్టుకోరా, రాజూ. చాలా అలిసిపోయాను."