ఎడమవైపు పెట్టె

నేను ఒక స్పీకరుని. ఒక అని మాటవరసకి అంటున్నాను గానీ, మా జాతిలో ఒంటరి పుట్టుకలు లేవండీ. జంటగానే పుడతాం. పుస్తకాల అరలో ఇమిడిపోయేంత పెట్టెలం. కింద అరచేయంత అట్ట గిన్నె, బరువైన శబ్దాలు దానివి. పైన నుదుటి మీద రూపాయి బిళ్ళంత పట్టుగుడ్డ బుడిపె, సన్నని స్వరాలు దానివి. ఆ బుడిపె ఎంత సుకుమారమంటే, ఫ్యాక్టరీలో దాన్ని అతికించిన అమ్మాయి ఊపిరి బిగబట్టుకుని పనిచేసింది. వేలు ఆనితే సొట్ట పడిపోతుంది. ఆ భయం నాకు పుట్టుకతోనే వచ్చింది. ఇంకో దిగులు కూడా ఉంది. లోకంలో ఎవరి గొంతైనా వినిపిస్తాను, నా సొంత మాట మాత్రం ఒక్కటీ చెప్పలేను. ఇంతకంటే దిక్కుమాలిన నోరు ఇంకోటుంటుందా?

కాకినాడ మెయిన్ రోడ్డులో గఫూర్ గారి షాపులో మమ్మల్ని అడుగు అరలో పెట్టారు. ధర తక్కువ వాళ్ళకి ఎక్కడైనా అడుగు అరే కదా! పై అరలో రంగురంగుల దీపాలు వెలిగే పొడుగాటి పెట్టెలుండేవి. వచ్చినవాళ్ళంతా వాటి ముందే నిలబడిపోయేవారు. చెవులతో వినాల్సిన వస్తువుని కళ్ళతో కొనడం మనుషులకే చెల్లింది. ఎవరూ కొనకపోతే గోడౌనులో ఎలకల పాలైపోతామని నాకు ఒకటే బెంగ.

ఒకనాడు ఖాకీ చొక్కాతో నూకరాజు వచ్చాడు. ఆర్టీసీలో డ్రైవరు. పద్యనాటకాలంటే పడి చస్తాడు.

"గఫూర్ గారూ, ఇంట్లో కూచుని పద్యాలు ఇనుకోడానికి కావాలండి. మన తాహతులో ఉండేయి సూపించండి" అన్నాడు.

గఫూర్ గారు ముందు దీపాల పెట్టె మోగించారు. షాపు అద్దాలు దడదడలాడాయి. "ఇది ఊరేగింపుకి బావుంటదండి. మా వరాలు దీన్నీ నన్నూ కలిపి గెంటేత్తది" అని నవ్వాడు నూకరాజు. రెండోది పెట్టించాడు, పెదవి విరిచాడు. ఆఖరికి మా వంతు వచ్చింది. తన ఫోనులోని పద్యమే పెట్టించుకుని, మా ఇద్దరికీ ఎదురుగా స్టూలేసుకుని కళ్ళు మూసుకున్నాడు. గండం గడిచేదాకా ఉగ్గబట్టుకున్నాను. పద్యం చివర రాగం సాగదీసిన నటుడు ఒక్క క్షణం ఆగి గాలి పీల్చుకున్నాడు. నూకరాజు టక్కున కళ్ళు తెరిచాడు.

"ఊపిరి పీల్చుకోడం ఇనబడిందండి బాబూ! ఇయ్యే ఇచ్చేయండి" అన్నాడు.

అలా ఆ ఇంటికి వచ్చాం. హాల్లో చెక్క బల్ల, దానికి ఆ చివరొకరం, ఈ చివరొకరం. ఎదురుగా నూకరాజు వాలుకుర్చీ. ఆయన ఎడమచేతి వైపు నేను. తీగలన్నీ కలిపేసి ఆయన స్నానానికి వెళ్ళాడు. అప్పుడొచ్చింది నూకరాజు భార్య వరాలు, చేతిలో కుంకంభరిణె పట్టుకుని.

కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా వాడడం ఆవిడ ఇంటా వంటా లేదు. ఫ్రిజ్జుకి పెట్టింది, మిక్సీకి పెట్టింది, కుక్కరుకి కూడా పెట్టింది. నా ముందు నిలబడి, బొట్టు ఎక్కడ పెట్టాలా అని వెతికింది. సరిగ్గా నుదుటి మీద గుండ్రంగా పట్టుబుడిపె కనబడితే ఎవరు మాత్రం ఏం చేస్తారు? తడి కుంకం బొటనవేలికి అద్దుకుని, "సల్లగా పలుకు తల్లీ" అని దీవిస్తూ కసుక్కున నొక్కింది. ప్రాణం పోయినంత పనైంది. బుడిపె లోపలికి దిగిపోయింది, కుంకం ముద్ద అందులో కూరుకుంది. నా జంట వైపు తిరగబోయేసరికి వంటింట్లో పాలు పొంగిన వాసన. పరుగెత్తింది. తిరిగొచ్చి ఆ మాటే మరిచిపోయి, దుమ్ము పడకూడదని ఇద్దరికీ నల్లగుడ్డ తొడుగులు బిగించేసింది.

సాయంత్రం నూకరాజు కుర్చీలో కూర్చుని పద్యం పెట్టాడు. కాసేపటికి ఆయన మొహం మాడిపోయింది. కుడివైపు గొంతు గలగలలాడుతోంది, ఎడమవైపు దుప్పటి కప్పుకున్నట్టుంది. చెయ్యి మెల్లగా ఎడమ చెవి మీదకి వెళ్ళింది.

స్పీకరు పాడైందనుకోవచ్చు కదా అంటారు మీరు. షాపులో చక్కగా విన్నాడు మరి! పైగా పాత బస్సుల్లో ఇంజను డ్రైవరుకి ఎడమ పక్కనే ఉంటుంది. పాతికేళ్ళుగా ఆ రొదంతా ఆయన ఎడమ చెవిలోనే పడుతోంది. తోటి డ్రైవరు సత్తిబాబుకి అలాగే చెవి దెబ్బతింటే, స్టీరింగు మీంచి దింపేసి గ్యారేజీలో కూర్చోబెట్టారు. వచ్చే నెలలో నూకరాజుకీ డాక్టరు పరీక్ష ఉంది. స్టీరింగు లేకపోతే ఆ మనిషి లేడు.

వరాలుకి చెప్పలేదు. దురదని అబద్ధమాడి, వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయించుకునేవాడు. డ్యూటీ నుంచి రాగానే పద్యం పెట్టడం, నా వైపు మెడ సాచడం, నిట్టూర్చడం. అన్నం కెలికి లేచిపోయేవాడు. అయ్యో నాయనా, జబ్బు నీది కాదు, నాది! నా నుదురు చూడు! ఆ మాట చెబుదామంటే పక్కవాళ్ళ పద్యమే తప్ప నాకు ఇంకోటి రాదే! పోనీ దగ్గరికొచ్చి ఆ నల్లగుడ్డ తీసి చూడొచ్చుగా? చూడలేదు. బెదిరిన మనిషి ముందు తననే అనుమానించుకుంటాడు.

దసరా దులుపుళ్ళు వచ్చాయి. వరాలు మమ్మల్ని దించి, బల్ల తుడిచి, మళ్ళీ పెట్టేటప్పుడు ఎవరు ఎటో చూసుకోలేదు. నేను కుడివైపుకి వచ్చాను. సాయంత్రం పద్యం మొదలవగానే నూకరాజు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

"ఓరి దేవుడో, కుడిది కూడా పోయిందిరా!"

అంతలోనే ఆగాడు. ఎడమవైపు గొంతు గలగలలాడుతోంది. చెవులు రాత్రికి రాత్రి చోట్లు మార్చుకోవు కదా! ఒక్క అంగలో నా దగ్గరికొచ్చి తొడుగు పీకాడు. నా నుదుటి మీద ఎండిపోయిన కుంకం.

"వరాలూ! ఇదేం పనే?"

"కొత్త వత్తువుకి బొట్టెట్టొద్దా ఏంటి?" అంటూ వచ్చింది ఆవిడ.

ఆయన నవ్వుతూనే ఏడ్చాడు. చెవి పోయిందనుకున్న సంగతంతా కక్కేశాడు. అప్పుడు వరాలు చూసిన చూపు నాకింకా గుర్తే. "ఇన్నాళ్ళూ నీలో నువ్వే కుమిలిపోయావా? నేనెవర్తినయ్యా నీకు, దారినపోయేదాన్నా?" అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

గఫూర్ గారు నాకు కొత్త బుడిపె వేశారు, నేను మళ్ళీ నా ఎడమవైపుకే చేరాను. డాక్టరు పరీక్ష గట్టెక్కింది. అప్పట్నుంచి వరాలు బొట్టు నా చెక్క నడినెత్తినే పెడుతోంది.

నూకరాజు రిటైరయ్యాక ఒక సాయంత్రం, పద్యం మధ్యలో మళ్ళీ ఆ చెయ్యి ఎడమ చెవి మీదకి వెళ్ళింది. గబగబా వచ్చి ఆశగా నా తొడుగు తీశాడు. నుదురు శుభ్రంగా ఉంది. మమ్మల్ని అటుదిటు, ఇటుదటు మార్చి కూర్చున్నాడు. ఎడమన నా జంట గొంతెత్తి పాడుతోంది, నాకు తెలుసు. ఆయన మొహం మాత్రం తేరుకోలేదు. చెవి ఈసారి నిజంగానే వెళ్ళిపోతోంది. మమ్మల్ని ఎక్కడివాళ్ళని అక్కడ పెట్టేసి, వరాలు టీ తేగానే, "నీకో మాట సెప్పాలే" అన్నాడు.

"తెలుసులే. ఏడాది బట్టీ నీకు కుడిపక్కనే ఎందుకు కూచుంటన్నాననుకున్నావ్?"

"మరి అనలేదేం?"

"ఈసారన్నా నువ్వే సెప్తావేమోనని" అంది వరాలు.

మర్నాడు ఇద్దరూ గఫూర్ గారిని అడిగి, శబ్దం ఎడమవైపు ఎక్కువ వచ్చేలా మీట తిప్పించుకున్నారు. ఇప్పుడు నా జంట కంటే నేనే గట్టిగా పాడాలి. నాకూ వయసైపోయింది, అట్ట గిన్నె అంచు పెళుసెక్కింది, ఎప్పుడు చిరుగుతుందోనని గుబులుగానే ఉంటుంది. అయినా పద్యం చివర ఆ నటుడు గాలి పీల్చుకునే చోటు రాగానే నూకరాజు కాళ్ళకేసి చూస్తాను. అది వినబడితే ఆయన బొటనవేలు నేల మీద ఒక్క దెబ్బ వేస్తుంది. నిన్న వేసింది.