పచ్చసొన, తెల్లసొన

గుడ్లు ఉడికించి, ఒలిచి, పచ్చసొన ఒక గిన్నెలో, తెల్లసొన ఇంకో గిన్నెలో వేస్తున్నాను. పొద్దున్నే నా మొదటి పని ఇదే. కరోనాకు బట్టలు నేసే సాంచాలు బందయ్యాక, బతుకుదెరువుకొచ్చిన ఈ పర్వత్ పాటియాలోని ఒక్క గదిలో అన్నదమ్ములిద్దరికీ ఫోనే లోకమైంది. ఒళ్లు పెరిగినవాళ్లను ఆ రోగం బతకనివ్వదని అందులో ఎవరో చెప్పారట. అప్పటినుంచి నా భర్త అంబదాస్ అన్నం మానేశాడు. మరిది రాంప్రసాద్ నూనె మానేశాడు.

"బువ్వ తింటె జరసేపటికే మల్ల ఆకలైతది. కొవ్వు తింటె కడుపు నిండుగుంటది," అంటాడు ఆయన.

"కొవ్వే అసలు దుష్మన్ అన్నా. నూనె లేకుండ రొట్టె, కూర తిను. పొద్దుగూకేదాంక ఆకలి యాదికి రాదు," అంటాడు మరిది.

పచ్చసొన అన్నకు, తెల్లసొన తమ్ముడికి. కూర ఇద్దరికీ వేరువేరుగా వండాలి. ఆకలి గురించి ఇంత చదువు చదివినవాళ్లు నువ్వు తిన్నావా అని నన్ను ఒక్కనాడూ అడగలేదు.

మా ఇంట్లో మగవాళ్లు తిన్నాక అత్త, అత్త తిన్నాక కోడలు. ఆయన మానేసిన అన్నమైనా నాకు దక్కుతుందనుకున్నాను. ఆ రేషన్ బియ్యం కిరాణా కొట్లో ఇచ్చి గుడ్లు తెచ్చుకుంటున్నాడు. నాకు గంజి, పచ్చిమిరపకాయ. ఒళ్లో నెలల పిల్ల. రెండు గుక్కలు లాగి, రొమ్ము వదిలేసి ఏడ్చేది. పాలు ఎండిపోతున్నాయని మా అత్త వజ్రమ్మకు చెప్పాను.

"నేను గంజి తాగే ఐదుగురిని సాదిన. నీకే పిల్ల మీద పానం లేదు," అంది.

ఆ మాటకు నాలో నేనే కుమిలిపోయాను. నిజంగా నాదే లోపమేమో అనుకున్నాను కూడా.

ఈ పొద్దు పిల్ల ఏడవలేదు. ఏడ్చే ఓపిక లేక పెదవులు మాత్రం కదిపింది.

రెండు గిన్నెలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇంత ఉప్పు చల్లుకుని తినడం మొదలుపెట్టాను. అన్నదమ్ములు ఫోన్లోంచి తలెత్తారు.

"వదినా, అవి మాయి గదా," అన్నాడు రాంప్రసాద్.

ఖాళీ అయ్యేదాకా ఆపలేదు. అత్త చాప మీంచి లేచి కూర్చుంది.

"మొగోళ్లు తినకముందే తింటివానే?"

"తిన్న అత్తమ్మా. రేపు సుత తింట."