రంగు చాలని గోడ

పాత చర్చీలు చూసేవాళ్ళ బస్సు పట్నం నుంచి వస్తుందని తెలిసినప్పటి నుంచి సంఘ పెద్ద యోహానుకు కూడు సయించలేదు. వాళ్ళు నిన్న మహబూబ్‌నగర్ దిక్కు తిరిగారు, ఇవాళ రామన్నపేట దిక్కు. తాతలు కట్టిన తమ ఊరి రాతి చర్చి కూడా ఆ వరసలో ఉంది. వాళ్ళు దాన్ని చూసి మొఖం తిప్పుకొని పోతే ఊళ్ళో తలెత్తుకునేదెట్లా?

అందుకే బస్సు రాకముందే ఆడవాళ్ళు ఎసరు పెట్టినప్పుడల్లా దేవుని పేరున తీసిపెట్టిన పిడికెడు బియ్యం అమ్మి రంగు డబ్బాలు తెచ్చారు. ముందు గోడ, కమాన్లు, గంట బురుజు అంతా నిగనిగలాడే నీలం. వెనక గోడకొచ్చేసరికి రంగు అయిపోయింది. యోహాను దానికి షామియానా గుడ్డ అడ్డం కట్టించాడు.

బస్సు దిగినవాళ్ళు నీలం చూసి నిలబడిపోయారు. వాళ్ళను తీసుకొచ్చిన శైలజ కాలేజీలో కట్టడాల చదువు చెబుతుంది. గోడకు వేలు ఆనించి చూసింది.

"ఎట్లున్నది మేడం?"

"బాగుంది పెద్దాయనా. రంగు ఎప్పుడేశారు?"

"మొన్ననే. మీరొస్తాండ్రని."

ఆమె మాట మెత్తగానే ఉంది. కళ్ళు మాత్రం రంగు పడని జాగా వెతుకుతున్నాయి. అది యోహానుకు అర్థమైంది. ఎవరో బస్సు దిక్కు నడిచారు కూడా.

"జర ఆగుండ్రి" అన్నాడు. "వెనక గింత మిగిలింది. రంగు చాలలే. నవ్వొద్దు మరి."

భార్య బిక్షమ్మ తువ్వాల పట్టి గుంజింది. "ఏమయ్యా, ఉన్న ఇజ్జత్ గూడ తీస్తవా?"

అతను వినలేదు. పోయి గుడ్డ ఎత్తాడు.

బూడిదరంగు రాళ్ళు, ఉలి గాట్లు, సందుల్లో డంగు సున్నం. కిటికీ మీద కమాను ఒక్క కట్టె ఆసరా లేకుండా నిలబడి ఉంది. శైలజ గోడ దగ్గరే కింద కూర్చుంది.

"ఇది ఎవరు కట్టారు పెద్దాయనా?"

"మా తాత గురవయ్య. పొద్దంత దొర చేన్ల కూలి, సందేళ రాయి కొట్టుడు. కింద మట్టి దిమ్మ పోసి, మీద రాళ్ళు పేర్చి, నడిమి రాయి దిగ్గొట్టినంక మట్టి తవ్వి తీసిండ్రట. తీసేటప్పుడు మా అవ్వ కిందనే నిలబడ్డదట. కూలితే నా మీదనే కూలనీ, మొగుని పని మీద నాకు ఫికర్ లేదన్నదట."

అందరూ చుట్టూ మూగారు. డ్రైవర్ హారన్ కొట్టినా ఎవరూ కదల్లేదు.

"ఆయిల్ రంగు లోపలి చెమ్మను పోనివ్వదు పెద్దాయనా" అంది శైలజ మెల్లగా. "సున్నం ఉబ్బి రాలుతుంది. ముందు గోడ రంగు తీసేద్దాం. నేర్పున్నవాళ్ళను నేను తీసుకొస్తా."

"తీద్దాం తియ్. గని ముందుదిక్కు గూడ ఒక ఫోటో కొట్టు బిడ్డా. మా ఆడోళ్ళు శానా ఆశపడ్డరు."

శైలజ లేచి, ఆడవాళ్ళందరినీ నీలం గోడ ముందుకు పిలిచింది. బిక్షమ్మ కొంగు సర్దుకొని నడుమ నిలబడింది.

"మా మొఖాలు పడకున్నా మానె బిడ్డా, నీలం మొత్తం పడాలె!"